పొద్దున డాలరు, రాత్రికి కూరిన కోడి: కొత్తవాళ్లకి ఒక రోజు పని

కరెన్సీ ట్రేడింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లకి మొదటి రోజు పని ఒక్కటే: చూడడం. కొనేది లేదు, అమ్మేది లేదు. చెప్పడానికి సులువే. పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా అంకెలు పచ్చగా, ఎర్రగా మారుతుంటే చెయ్యి ఊరుకోదు. నాకూ ఊరుకోలేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆ రోజు చేతికి ఇంకో పని పెట్టుకోమని చెప్తాను. ఒక కోడి తెచ్చుకోండి. ముక్కలు కొట్టించకుండా, మొత్తం కోడి. మసాలా పట్టించి, కడుపులో కూరి, సన్న సెగ మీద వండి దించేసరికి రోజు గడిచిపోతుంది. అందులో మీరు నిజంగా చేసే పని మాత్రం గంటన్నరకి మించదు. మిగతా సమయమంతా కోడి ఊరుతూ ఉంటుంది, మీరు డాలర్‌ని చూస్తూ ఉండొచ్చు.

నాది చిత్తూరు. మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. తోతాపురి కాయ సీజన్లో గుజ్జయి డబ్బాల్లోకి ఎక్కుతుంది, ఓడెక్కి పోతుంది, డబ్బు నెలల తర్వాత డాలర్లలో వస్తుంది. కాయ కొన్నది రూపాయల్లో, అమ్మింది డాలర్లలో. మధ్యలో డాలర్ రెండు రూపాయలు జారిందంటే మా జమాఖర్చుల పుస్తకం మొహం మారిపోతుంది. అలా ఈ విద్య నా మెడకి చుట్టుకుంది. వంట మాత్రం ఇష్టపడి నేర్చుకున్నదే.

ముందు రోజు ఎంచుకోండి. ఆదివారం కోడికి బాగుంటుంది గానీ మార్కెట్ ఉండదు. శనివారం అదీ లేదు, ఇదీ లేదు. మా వైపు చాలా ఇళ్లలో శనివారం స్వామి రోజు, పొయ్యి మీదికి మాంసం ఎక్కదు. పెరటాసి అనే తమిళ నెలైతే నెలంతా అదే కథ. బుధవారం సెలవు పెట్టుకోండి. రెండు నెలలకోసారి ఆర్‌బీఐ వడ్డీ రేటు ప్రకటించే రోజు మాత్రం వద్దు. ఆ పూట ధర గంతులేస్తుంది, కొత్తవాళ్లకి ఏదీ అర్థం కాదు.

ముందు రోజు రాత్రి: మీకు డాలర్‌తో పని ఉందా?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. చాలామంది దీన్ని దాటేసి నేరుగా యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటారు.

మన దేశంలో డాలర్-రూపాయి లాంటి రూపాయి జతల కరెన్సీ కాంట్రాక్టులు ఎన్ఎస్ఈ, బీఎస్ఈ లాంటి గుర్తింపు ఉన్న ఎక్స్ఛేంజీల్లో దొరుకుతాయి. మొదటి కరెన్సీ ఫ్యూచర్స్, అంటే రాబోయే తేదీకి ధర ఇప్పుడే ఖాయం చేసుకునే కాంట్రాక్టులు, ఎన్ఎస్ఈలో 2008 ఆగస్టు 29న మొదలయ్యాయి. చాలా ఏళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు కొన్నారు, అమ్మారు. 2024 జనవరి 5న ఆర్‌బీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. రూపాయితో ముడిపడిన కాంట్రాక్టు తీసుకోవాలంటే మీకు నిజంగా విదేశీ డబ్బుతో పని ఉండాలి. అంటే రావాల్సిన డాలర్లో, కట్టాల్సిన డాలర్లో ఒప్పందం రూపంలో ఖాయమై ఉండాలి. దాన్ని ముందు ఏప్రిల్ నుంచి అమలు చేద్దామనుకున్నారు, తర్వాత 2024 మే 3కి జరిపారు.

10 కోట్ల డాలర్ల వరకు కాగితాలు ముందుగా చూపించమని అడగరు. మా వీధి కుర్రాడు ఒకడు దీన్ని పట్టుకుని, "అడగరు కదా మామా, ఇంకేంటి?" అన్నాడు. అడగకపోవడం వేరురా, లేకపోవడం వేరు. ఎప్పుడైనా అడిగితే చూపించగలగాలి. మా ఫ్యాక్టరీకి ఎగుమతి ఆర్డర్ ఉంది, అది చూపిస్తాం. మీ అమ్మాయి అమెరికాలో చదువుతోంది, యూనివర్సిటీ నుంచి ఫీజు బిల్లు వచ్చింది, అది ఖాయమైన చెల్లింపు. "వచ్చే ఏడాది పంపాలనుకుంటున్నాం" అన్నది ఖాయం కాదు, ఆశ.

మరి అలాంటి పనేమీ లేనివాళ్లు? ఈ రోజంతా నోట్‌బుక్‌లో చేయండి. నేర్చుకోవడానికి లాట్ (ఒకసారికి కొనగలిగే కనీస మొత్తం) కొనక్కర్లేదు.

ఇక రెండో రకం ఉంది. వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఎవరో గ్రూప్‌లో చేరుస్తారు, ఏదో విదేశీ యాప్ లింక్ పంపుతారు, యూరో-డాలర్ మీద వంద రెట్ల లీవరేజ్, అంటే పెట్టిన డబ్బుకి వంద రెట్ల విలువ మీద ట్రేడింగ్, అంటారు. ఫెమా (విదేశీ మారకం లావాదేవీల చట్టం) ప్రకారం మనం అనుమతి ఉన్న సంస్థలతోనే, అనుమతి ఉన్న పనులకే విదేశీ మారకం చేయాలి. తప్పితే జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా పడొచ్చు. విదేశాలకి డబ్బు పంపుకోవడానికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వెసులుబాటు ఉంది గానీ, దాన్ని ఈ మార్జిన్ ట్రేడింగ్‌కి, అంటే కొంత డబ్బు పూచీగా కట్టి పెద్ద మొత్తం మీద చేసే ట్రేడింగ్‌కి, వాడకూడదు. అనుమతి లేని ప్లాట్‌ఫామ్‌ల జాబితా ఒకటి ఆర్‌బీఐ 2022 సెప్టెంబరు నుంచి తన వెబ్‌సైట్‌లో పెట్టి, కొత్తవి కలుపుతూ ఉంది. అలర్ట్ లిస్ట్ అంటారు. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు, గుర్తుంచుకోండి.

మా చిన్నాన్న కొడుకు అలాంటి యాప్‌లో 40 వేలు పెట్టాడు. తెర మీద అది లక్షా పదివేలైంది. తీసుకుందామంటే "ముందు ట్యాక్స్ కట్టండి" అన్నారు. ట్యాక్స్ అంటూ ఇంకో 15 వేలు కట్టాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాడు లేడు. లాభంలోంచి కోసుకోకుండా, చేతి నుంచి ముందు కట్టమన్నారంటే అక్కడే ఆగిపోవాలి. ఇలా జరిగితే సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మావాడు మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు.

పొద్దున 7:30: కోడి

బ్రాయిలర్ తీసుకోండి. శుభ్రం చేశాక కిలో నుంచి కిలోన్నర లోపు బరువు చాలు. అంతకన్నా పెద్దదైతే మామూలు ఇంటి గిన్నెలో పట్టదు. నాటుకోడి రుచి నాకూ ఇష్టమే, కానీ దాని కండ గట్టిది, ఈ పద్ధతికి లొంగదు. దాన్ని పులుసుకి వదిలేయండి. అంగట్లో మూడు మాటలు చెప్పాలి: కట్ చేయొద్దు, స్కిన్‌తో ఇవ్వు, కందనకాయ, కార్జం విడిగా ఇవ్వు. మా కట్టమంచిలో మొదటిసారి స్కిన్‌తో అడిగితే కొట్టువాడు రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాడు. స్కిన్ ఉంటే కండ ఎండిపోదు, కూరింది బయటికి రాదు. దొరక్కపోతే స్కిన్‌లెస్‌తోనూ అవుతుంది, నూనె ఇంకో చెంచా ఎక్కువ పోయండి.

కోడిని చిన్న ధారకింద, నీళ్లు చింది వంటింటి గట్టంతా పడకుండా కడిగి, లోపలా బయటా గుడ్డతో తేమ లేకుండా తుడవండి. ఈ తుడవడం అశ్రద్ధ చేస్తే మసాలా అంటదు, జారిపోతుంది. రొమ్ము మీద, తొడల మీద కత్తితో రెండేసి గాట్లు పెట్టండి. మరీ లోతుగా వద్దు.

అరకప్పు గట్టి పెరుగు, రెండు చెంచాల అల్లం తెల్లగడ్డ ముద్ద, రెండు చెంచాల కారం, అర చెంచా పసుపు, రెండు చెంచాల ధనియాల పొడి, ఒక చెంచా గరం మసాలా, రెండు చెంచాల ఉప్పు, సగం నిమ్మకాయ రసం. చెంచా అంటే టీ చెంచా. అంతా కలిపి కోడికి బయట, గాట్లలో, కడుపులో పట్టించి, మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. కడుపు ఇప్పుడే నింపకండి. పొద్దున కూరి సాయంత్రం వండితే లోపలి భాగం చెడిపోయే ప్రమాదం ఉంది. కూరడం, పొయ్యి మీద పెట్టడం, రెండూ వెంటవెంటనే జరగాలి.

చేతులు సబ్బుతో కడుక్కుని, కత్తి, పలక కూడా కడిగి, కాఫీ కలుపుకోండి. 9 కావస్తోంది.

9 గంటలు: తెర మీద ఏముంది

డాలర్-రూపాయి ఫ్యూచర్స్ తెరవండి. ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో ఖాతా లేకుండానే ధరలు కనిపిస్తాయి. యూరో, పౌండ్, జపాన్ యెన్ కూడా ఉంటాయి. మా వైపు పారిశ్రామికవాడ శ్రీసిటీలో జపాన్ కంపెనీల్లో పనిచేసే పిల్లలు యెన్ గురించి అడుగుతుంటారు. దాని ధర 100 యెన్లకి చెప్తారు, ఒక్క యెన్‌కి కాదు. కువైట్‌లో ఉన్న మన వాళ్ల ఇళ్లలో దినార్ గురించి అడుగుతారు. దానికి ఇక్కడ కాంట్రాక్టే లేదు. మొదటి రోజు డాలర్ చాలు.

ముందు గమనించేది: ఒకే డాలర్‌కి చాలా ధరలు కనిపిస్తాయి, నెలకొకటి. పక్క నెల కాంట్రాక్టు ధర కన్నా మూడు నెలల తర్వాతది మామూలుగా కాస్త ఎక్కువ ఉంటుంది. డాలర్ పెరుగుతుందని ఎవరో జోస్యం చెప్పడం వల్ల కాదు. మన దగ్గర వడ్డీ అమెరికా కన్నా ఎక్కువ ఉన్నంతకాలం ఆ తేడా ధరలోకి ఎక్కుతుంది. దాన్ని ప్రీమియం అంటారు. ఎగుమతి చేసేవాడికి అది కలిసొస్తుంది, దిగుమతి చేసేవాడికి అది ఖర్చు.

ఇంకొకటి: కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య ఖాళీ. 2024 తర్వాత ఈ మార్కెట్‌లో జనం బాగా పలచబడ్డారు. దగ్గరి నెలలో ఫర్వాలేదు గానీ, దూరపు నెలల్లో ఆ ఖాళీ కంటికి కనిపించేంత వెడల్పుగా ఉంటుంది. అక్కడ "మార్కెట్ ఆర్డర్" నొక్కితే ఏ ధరకి తగిలితే ఆ ధరకి అంటుకుంటుంది. ఎప్పుడైనా నిజంగా చేయాల్సి వస్తే లిమిట్ ఆర్డరే, అంటే మీ ధర మీరే రాసి పెట్టడం.

నోట్‌బుక్‌లో గంటకోసారి రాయండి: సమయం, ధర, ఆ గంటలో మీకు ఏం చేయాలనిపించింది. మూడో గడి సాయంత్రం చదివితే నవ్వొస్తుంది. "10:10, ఇప్పుడే కొనాలి." "10:40, కొననందుకు బతికిపోయా." నా పాత నోట్‌బుక్‌లో ఇలాంటివి పేజీలకి పేజీలున్నాయి.

11 గంటలు: లెక్క

ఇది పెన్నుతో చేయండి. లెక్క తేలిగ్గా ఉండడానికి డాలర్ 90 రూపాయలనుకుందాం.

ఒక లాట్ అంటే 1,000 డాలర్లు. విలువ 90,000 రూపాయలు. ధర కదిలే అతి చిన్న మెట్టు పావు పైసా, అంటే 0.0025, లాట్‌కి రెండున్నర రూపాయలు. పావలా కదిలితే 250. రూపాయి కదిలితే వెయ్యి. మీరు కట్టే మార్జిన్ మొత్తం విలువలో కొద్ది శాతమే ఉంటుంది. లాట్‌కి 3,000 అనుకోండి. ఎంత తక్కువో అని సంబరపడేది ఇక్కడే. డాలర్ మీకు ఎదురుగా ఒక్క రూపాయి నడిస్తే ఆ 3,000లో వెయ్యి పోతుంది. డాలర్ నూటికి ఒకటికి పైగా కదిలితే మీ డబ్బు నూటికి ముప్పైమూడు కదిలింది.

2013 ఆగస్టు చివర్లో రూపాయి పడిపోతోంది. ఆగస్టు 28న డాలర్ 68 దాటింది. ఆఫీసులో, టీ కొట్టు దగ్గర, అంతా 75 అవుతుందన్నారు. అప్పటికి నాకు ఈ లెక్క తెలుసు, తెలిసీ 67 దగ్గర సొంత డబ్బుతో రెండు లాట్లు కొన్నాను. నాకు కట్టాల్సిన డాలర్ ఒక్కటీ లేదు, ఊరికే కొన్నాను. సెప్టెంబరు మొదట్లో ఆర్‌బీఐకి కొత్త గవర్నర్‌గా రఘురామ్ రాజన్ వచ్చారు, చర్యలు ప్రకటించారు, రూపాయి లేచి నిలబడింది. 63 దగ్గర వదిలించుకున్నాను. నాలుగు రూపాయలు, రెండు లాట్లు, ఎనిమిది వేలు. డబ్బు కన్నా, ఆ రెండు వారాలు రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూసిన అలవాటు పోవడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు నిజంగా పనికొచ్చే లెక్క. మూడు నెలల తర్వాత 10,000 డాలర్ల ఫీజు కట్టాలి, బిల్లు చేతిలో ఉంది. ఈ రోజు డాలర్ 90, మూడు నెలల ఫ్యూచర్ 90.50. పది లాట్లు కొన్నారు.

మూడు నెలలకి డాలర్ 92 అయింది. బ్యాంకులో ఫీజుకి 9,20,000 కట్టారు. ఫ్యూచర్‌లో డాలర్‌కి రూపాయిన్నర చొప్పున 15,000 వచ్చింది. మీకు పడింది 9,05,000.

అదే 89కి దిగింది. బ్యాంకులో 8,90,000 కట్టారు. ఫ్యూచర్‌లో 15,000 పోయింది. మీకు పడింది 9,05,000.

రెండు సార్లూ ఒకటే సంఖ్య. ఛార్జీలు, బ్యాంకు తన రేటులో కలుపుకునే పైసలు పక్కన పెడితే, మీరు కొనుక్కున్నది ఈ ఖాయం. చాలామంది రెండో సందర్భంలో "15 వేలు నష్టపోయా" అని ఏడుస్తారు. ఫీజు 10 వేలు తక్కువకి కట్టిన సంగతి అప్పుడు గుర్తుండదు. ఎగుమతి చేసేవాళ్లకి ఇదే లెక్క తిరగబడుతుంది, మా ఫ్యాక్టరీ ముందు అమ్ముతుంది.

మూడు విషయాలు ఈ లెక్కలో కనపడవు. ఒకటి, ఎక్స్ఛేంజ్ మీ చేతికి డాలర్లు ఇవ్వదు. తేడా మాత్రమే రూపాయల్లో ఇచ్చిపుచ్చుకుంటుంది. ఫీజు డాలర్లు బ్యాంకులోనే కొనాలి. రెండు, లాభనష్టాలు మూడు నెలల చివర కాదు, ప్రతి సాయంత్రం మీ ఖాతాలోకి వస్తాయి, పోతాయి. మధ్యలో డాలర్ బాగా పడితే రోజూ డబ్బు కట్టుకుంటూ పోవాలి. మార్జిన్‌కి సరిపోయేంత పెట్టి చేతులు దులుపుకుంటే, తీరా అవసరమయ్యే లోపే బ్రోకర్ మీ లాట్లు అమ్మేస్తాడు. మార్జిన్‌కి కనీసం రెండింతలు పక్కన ఉంచడం నా అలవాటు. అంతకన్నా తక్కువతో నేను నిద్రపోలేను. మూడు, కాంట్రాక్టు నెల ఆఖరి రోజు దాకా బతకదు. ఆ నెల చివరి పనిదినానికి రెండు పనిదినాల ముందు, మధ్యాహ్నం 12:30కి ముగుస్తుంది. ఫీజు తేదీ 30 అయితే కాంట్రాక్టు అప్పటికే అయిపోయి ఉంటుంది, చూసుకోండి.

మధ్యాహ్నం: కూరే సరుకు

అన్నం తినేసి, 1 గంటకి ఇవి సిద్ధం చేసి పెట్టుకోండి. కందనకాయని కుక్కర్లో నాలుగు విజిల్స్ ఉడికించి సన్నగా తరగండి. రెండు గుడ్లు, ఒక ఉర్లగడ్డ ఉడకబెట్టి పెట్టండి. రెండు ఎర్రగడ్డలు సన్నగా, మూడు పచ్చిమిరక్కాయలు, గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర తరగండి. గుప్పెడు చెనిగ్గింజలు (వేరుశనగ గింజలు) వేయించి పొట్టు తీసి బరకగా దంచండి. పుస్తకాల్లో జీడిపప్పు, కిస్మిస్ రాస్తారు. మాకు చెనిగ్గింజలే. కోడి రసం పీల్చుకుని మెత్తబడి, అక్కడక్కడ కరకరలాడుతూ ఉంటాయి. జీడిపప్పు ఆ పని చేయలేదు.

అంతా ఫ్రిజ్‌లో పెట్టేసి మళ్లీ తెర దగ్గరికి వెళ్లండి. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా మీరు నిద్రమొహంతో ఉంటారు. ఈ సమయంలో డాలర్‌ని ఏం కదిలిస్తుందో ఒక పేజీ రాసుకోండి. ముడి చమురు ధర, ఎందుకంటే మనం వాడే ముడి చమురులో నూటికి 80 పాళ్లకి పైగా బయట నుంచే కొంటాం, దానికి డాలర్లు కావాలి. విదేశీ పెట్టుబడులు మన షేర్లలోకి వస్తున్నాయా, పోతున్నాయా. అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ. చివరికి, రూపాయి మరీ ఊగుతుంటే డాలర్లు అమ్మో కొనో ఆపే ఆర్‌బీఐ. ఈ చివరిది చార్టుల్లో ముందుగా కనిపించదు. గీతలు గీసి రేపటి ధర చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదొక కారణం.

4:30 నుంచి: కూరడం, మూయడం

కోడిని ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి ఎర్రగడ్డలు, పచ్చిమిరక్కాయలు వేయించి, సన్నగా తరిగిన కార్జం వేసి ఐదు నిమిషాలు పూర్తిగా మగ్గనివ్వండి. కందనకాయ, చిదిమిన ఉర్లగడ్డ, చెనిగ్గింజలు, మిరియాల పొడి, ఉప్పు వేసి బాగా వేడెక్కాక పుదీనా, కొత్తిమీర చల్లి దించండి.

5 గంటలకి డాలర్-రూపాయి మార్కెట్ మూసేస్తారు. ఆఖరి ధర రాసుకుని తెర కట్టేయండి. ఇక అటు వెళ్లేది లేదు.

సరుకు వేడిగా ఉండగానే చెంచాతో కడుపులో కూరండి. సగం పెట్టాక రెండు గుడ్లూ పెట్టి, మిగతాది పైన. గుత్తివంకాయ కూరినట్టు అదిమి అదిమి పెట్టకండి. నాలుగో వంతు ఖాళీ వదలాలి. ఉడికేటప్పుడు లోపలిది ఉబ్బుతుంది, ఖాళీ లేకపోతే చర్మం చీలి అంతా గిన్నెలోకి వస్తుంది. సరుకు మిగిలితే మిగలనీండి, గిన్నె అడుగున వేయొచ్చు. నోటిని నాలుగు టూత్‌పిక్‌లతో మూసి, కాళ్లు రెండూ నూలు దారంతో కట్టండి. నైలాన్ దారం వద్దు, కరుగుతుంది.

ఓవెన్ అక్కర్లేదు. కోడి పట్టే, అడుగు మందంగా ఉండే గిన్నె, బిగువుగా కూర్చునే మూత చాలు. మూడు పెద్ద చెంచాల చెనిక్కాయ నూనె, ఒక చెంచా నెయ్యి కాగాక కోడిని పెట్టి నాలుగు వైపులా మూడేసి నిమిషాలు ఎర్రబడనివ్వండి. తిప్పడానికి రెండు గరిటెలు వాడండి, ఫోర్క్‌తో గుచ్చితే రసం కారిపోతుంది. తర్వాత కోడిని పక్కకి తీసి, అదే నూనెలో చక్రాలుగా తరిగిన రెండు ఎర్రగడ్డలు పరిచి, కోడిని రొమ్ము పైకి ఉండేలా వాటి మీద కూర్చోబెట్టండి. కోడిని ఊరబెట్టిన గిన్నెలో మిగిలిన మసాలాలో గ్లాసు నీళ్లు కలిపి చుట్టూ పోసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించండి.

70 నిమిషాలు. సగంలో ఒక్కసారి తిప్పడానికి, నీళ్లు ఇంకిపోయాయేమో చూడడానికి మాత్రమే మూత తీయాలి.

ఈ 70 నిమిషాల్లోనే ఒక సంగతి జరుగుతుంది. అమెరికా ఉద్యోగాలు, ధరల లెక్కలు వాళ్ల టైం ప్రకారం పొద్దున 8:30కి విడుదల చేస్తారు. మనకది ఎండాకాలంలో సాయంత్రం 6, చలికాలంలో 7. వాళ్ల వడ్డీ నిర్ణయమైతే మన అర్ధరాత్రి చుట్టూ. అంటే డాలర్‌ని గట్టిగా కదిలించే వార్తల్లో చాలా వరకు మన మార్కెట్ తలుపు వేశాకే వస్తాయి. మీరు స్టాప్-లాస్, అంటే నష్టం ఇంతకి చేరగానే వదిలించేసే ఆర్డర్, పెట్టుకున్నా రాత్రిపూట అది పనిచేయదు. పొద్దున 9కి ధర మీ స్టాప్‌ని దాటేసి, అటువైపు ఎక్కడో తెరుచుకుంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది పగలు కాదు, ఇలాగే.

కోడి అయిందో లేదో తొడ, ఒంటి మధ్య కీలు దగ్గర గుచ్చి చూడండి. కారే రసంలో ఎరుపు ఉండకూడదు. వంట థర్మామీటర్ ఉంటే తొడలోనూ, కూరిన సరుకు మధ్యలోనూ 74 డిగ్రీలు చూపించాలి. సరుకు వేడిగా కూరమన్నది ఇందుకే, చల్లగా కూరితే కండ ఉడికాక కూడా మధ్యభాగం వెనకబడుతుంది. అయ్యాక మూత తీసి, మంట పెంచి, మసాలా చిక్కబడేదాకా పది నిమిషాలు కోడి మీద పోస్తూ ఉండండి. పళ్లెంలోకి తీసి పది నిమిషాలు ముట్టుకోకండి. వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలో నిలుస్తుంది.

ఆ పది నిమిషాల్లో రాగి సంగటి కెలుక్కోవచ్చు. మా ఇంట్లో పక్కన ఊరిబిండి పచ్చడి కూడా ఉండాలి. దారం, టూత్‌పిక్‌లు లెక్కపెట్టి తీసేయండి. ఒకసారి మా అవ్వ పంటికింద టూత్‌పిక్ పడింది, ఇప్పటికీ ఆ మాట వింటున్నాను. ముందు కూరిందంతా చెంచాతో బయటికి తీసి, తర్వాత కోడిని తొడలు, రెక్కలు, రొమ్ము వేరు చేయండి. గుడ్డు ఎవరికి అన్న తగాదా ఉంటుంది కాబట్టే రెండు పెట్టమన్నది. మా ఇంట్లో నలుగురం, అయినా సరిపోవు.

మిగిలితే కోడిని, సరుకుని విడివిడి గిన్నెల్లో రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి పంపండి. ఎముకలు పారేయకుండా మర్నాడు మిరియాలు, తెల్లగడ్డ దంచి వేసి చారు కాచుకోండి. అది పొయ్యి మీద మరుగుతుండగా 9 అవుతుంది. నోట్‌బుక్ తెరిచి మొదటి ధర రాయండి, నిన్న 5 గంటల ధర పక్కనే. రెండింటి తేడాని మీరు కొనాల్సిన లాట్లతో, వెయ్యితో గుణించండి. ఆ మొత్తం, రాత్రి మీరు కోడి తింటుండగా మీకు తెలియకుండా వచ్చేదో పోయేదో. ఇలా ఇరవై పొద్దులు రాసి, అందులో అన్నిటికన్నా పెద్ద సంఖ్య చుట్టూ గీత గీయండి. బ్రోకర్‌కి కరెన్సీ సెగ్మెంట్ తెరవమని ఫోన్ చేసేది ఆ తర్వాత, అదీ చేతిలో బిల్లు ఉంటేనే.